హయాత్‌నగర్ సరాయిలో రెండు రకాతులు

మా ఆపా కొడుకు జపాన్‌లో నగోయా పక్కన ఒక కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. పోయిన చలికాలం ఒక ఇత్వారు పూట మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో వాడు వరసపెట్టి నలభై ఫొటోలు దించాడు. అన్నీ ఒకే ఇల్లు. చెక్క గోడలు, కాగితం అంటించిన జారుడు తలుపులు, వంటగదిలో మట్టి పొయ్యిలు, పై అంతస్తులో వరసగా పరిచిన పరుపులు. ఒక గదిలో బొమ్మ మనుషుల్ని కూర్చోబెట్టి ముందు భోజనం పళ్లేలు కూడా పెట్టారు.

"మామూ, ఇది పాత జమానా సరాయి. పేరు తమాయా. ఊరు సెకి. ఈ వీధి నిండా ఇలాగే సౌదాగర్ల ఇళ్లు, ముసాఫిర్లు దిగే ఇళ్లు. టికెట్ కొని లోపలికి పోవాలి. చెప్పులు మాత్రం మన మస్జిద్‌లో లాగే బయటే" అని రాశాడు. కాసేపటికి ఇంకో ముక్క: "మన వైపు ఇలాంటిది ఒక్కటైనా ఉందా?"

గ్రూపులో అందరూ ఎగబడ్డారు. ఒకరు చార్మినార్ ఫొటో పెట్టారు, ఒకరు గోల్కొండ. మా తమ్ముడు తాజ్‌మహల్ కూడా పెట్టేశాడు, అదేదో మా ఇంటి పెరట్లో ఉన్నట్టు. వాడు మళ్లీ రాశాడు: "కోటలూ మక్బరాలూ కాదు మామూ. మామూలు మనుషులు రాత్రి పడుకుని పొద్దున లేచి వెళ్లిపోయిన చోటు ఏదైనా ఉందా అని."

నేను జవాబు ఇవ్వలేదు. జవాబు లేక కాదు. ఉంది. కాకపోతే దాని పక్కనుంచి నేను ముప్పై ఏళ్లుగా బస్సులో పోతూ ఒక్కసారి కూడా దిగలేదు. సిగ్గనిపించింది.

ముందు వాడు చూసిన ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే మన సంగతి సరిగ్గా అర్థం కాదు. జపాన్‌లో ఎదో నుంచి క్యోటో దాకా తోకైదో అనే రహదారి ఉండేది. ఎదో అంటే ఇప్పటి టోక్యో. తోకుగవా ఇయెయాసు 1601లో ఆ దారి మీద మజిలీల ఏర్పాటు మొదలుపెట్టాడు. మొత్తం 53 మజిలీలు. సెకి అందులో 47వది. 1635 నుంచి అక్కడి జాగీర్దార్లు ఒక ఏడాది తమ ఇలాఖాలో, ఒక ఏడాది ఎదోలో ఉండాలని హుకుం వచ్చింది. దాంతో ఆ దారి మీద వందల మంది పరివారంతో ఊరేగింపులు ఎడతెగలేదు. పెద్ద దొరలకు హోంజిన్ అని వేరే బస. మామూలు జనానికి హతాగో. రాత్రి భోజనం, పొద్దున నాష్తా, పరుపు కలిపి ఒక ధర. తమాయా అలాంటి హతాగో. అంత కూడా ఇచ్చుకోలేని వాళ్లకు ఇంకో రకం ఉండేది: బియ్యం నువ్వే తెచ్చుకుని నువ్వే వండుకోవచ్చు, వాడిన కట్టెలకు మాత్రం పైసలిచ్చి పొమ్మనేవాళ్లు. ఈ కట్టెల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

1984లో అక్కడి ప్రభుత్వం సెకి వీధిని కాపాడవలసిన పాత బస్తీల జాబితాలో చేర్చింది. రెండు వందలకు పైగా పాత ఇళ్లు ఈ రోజుకీ నిలబడి ఉన్నాయి. మా భాంజా అసూయ పుట్టేలా ఫొటోలు తీశాడంటే తప్పు వాడిది కాదు.

ఇక మన దారి. రాజమండ్రి నుంచి హైదరాబాదు రాత్రి బస్సు ఎక్కిన వాళ్లెవరికైనా ఆ ఆఖరి గంట తెలుసు. చౌటుప్పల్ దాటాక మెలకువ వస్తుంది. అబ్దుల్లాపూర్‌మెట్ అయ్యాక క్లీనర్ కుర్రాడు అరవడం మొదలుపెడతాడు: "హయాత్‌నగర్, హయాత్‌నగర్ దిగేవాళ్లు!" ఎవరో ఇద్దరు సంచులతో దిగుతారు. మిగతా అందరం దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఎల్బీనగర్ కోసం కళ్లు మూసుకుంటాం. ఆ పేరు ఎవరిదో అడగం.

ఆ పేరు హయాత్ బక్షీ బేగంది. ముహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు. సుల్తాన్ ముహమ్మద్‌కు బీవీ. అబ్దుల్లా కుతుబ్ షాకు అమ్మీ. ముగ్గురు సుల్తానుల ఇంట్లో బతికిన మనిషి. 1626లో అబ్దుల్లా తఖ్తు ఎక్కే నాటికి ఇంకా పసివాడు. సల్తనత్ వ్యవహారం వెనకనుంచి నడిపింది ఆవిడే. జనం 'మా సాహెబా' అని పిలిచేవారు. 1656లో ఔరంగజేబు ఫౌజు గోల్కొండను చుట్టుముట్టినప్పుడు సులహ్ మాట్లాడటానికి షెహజాదా గుడారం దాకా వెళ్లింది కూడా ఆవిడే. 1667లో వఫాత్ అయ్యారు. గోల్కొండ దగ్గర ఏడు గుంబద్‌లలో ఆవిడ మక్బరా పెద్దవాటిలో ఒకటి. అక్కడికి మనం పిల్లల్ని పిక్నిక్‌కు తీసుకుపోతాం. కానీ ఆవిడ పేరున్న మస్జిద్, దాని చుట్టూ ఉన్న సరాయి మాత్రం మన దారిలోనే ఉంది. మన దారి అని ఊరికే అనడం లేదు. అది బందరు దారి. గోల్కొండ నుంచి సముద్రానికి పోయే దారి. కోస్తా నుంచి వచ్చేవాళ్ల కోసమే ఆ మజిలీ.

ఆ కోస్తాలో గోదావరి డెల్టా వాటా చిన్నది కాదు. 1571లో ఇబ్రహీం కుతుబ్ షా హయాంలో గోల్కొండ ఫౌజు రాజమండ్రి తీసుకుంది. ఆ తర్వాత నూరేళ్లకు పైగా ఈ వరి పొలాలు, ఈ నేతగాళ్ల పేటలు అన్నీ గోల్కొండ హుకూమత్ కిందే. నరసాపురంలో ఓడలు కట్టేవారు. గోదావరి మీద పైనుంచి తేలి వచ్చే టేకు, ఇనుప పని తెలిసిన కమ్మర్లు, తచ్చన పని తెలిసిన వడ్రంగులు. 1670ల్లో ఈ తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు కప్తాను, ఏటా ఇంగ్లీషు వర్తకులు కూడా తమ ఓడలు ఇక్కడే కట్టించుకుంటారని, కలపా పనీ రెండూ మేలైనవని రాసిపెట్టాడు. పక్కనే మాధవాయపాలెం. ఇంగ్లీషు కోఠీ ఉన్న ఊరు. దాని పేరు నోరు తిరగక 'మదపోలం' అయి, అక్కడి తెల్లని నూలు గుడ్డకు విలాయతు దుకాణాల్లో అదే పేరు స్థిరపడిపోయింది. పాలకొల్లులో, ద్రాక్షారామంలో వలందేజులు. డచ్చివాళ్లని మనవాళ్లు అలాగే అనేవారు.

ఇక్కడే నా భాంజా ఫొటోలకూ మన గోదావరికీ ముడి పడుతుంది. ఆ డచ్చివాళ్లు 1609 నుంచి జపాన్‌లో కూడా కోఠీ పెట్టుకుని ఉన్నారు. 1641 నుంచి నాగసాకి దగ్గర దేజిమా అనే చిన్న దీవిలో. యూరపు వాళ్లలో వీళ్లొక్కళ్లనే జపాన్ ఉండనిచ్చింది. కోరమండల్ తీరం నూలు బట్ట వాళ్ల ఓడల్లో అక్కడికి చేరేది. చారల గుడ్డను జపాన్‌వాళ్లు 'సంతోమె' అన్నారు. మద్రాసు మైలాపూరులో పోర్చుగీసుల సావో తోమె నుంచి వచ్చిన పేరది. అద్దకం గుడ్డను 'సరాసా' అన్నారు. మన కలంకారీ కూడా అందులో పడుతుంది. కలం, కారీ, రెండూ మన ఫార్సీ ముక్కలే కదా. అక్కడ అది ఎంత ప్రియమంటే, చాయ్ దావత్‌లో వాడే చిన్న డబ్బీలకు ఆ గుడ్డ ముక్కలతో సంచులు కుట్టుకునేవారట. మన నానీలు ముస్‌హఫ్‌కు జుజ్దాన్ కుట్టినట్టు. తిరుగు ఓడల్లో జపాన్ రాగి ఈ తీరానికి దిగేది. మా నానీ ఇంట్లో ఒక బరువైన రాగి డేగ్చీ ఉండేది, నియాజ్ రోజు మాత్రమే బయటికి వచ్చేది. ఆ రాగి ఎక్కడిదో నాకెలా తెలుస్తుంది? కానీ ఈ సంగతి చదివినప్పటినుంచి ఆ డేగ్చీని వేరే కళ్లతో చూస్తున్నాను.

సరుకు సముద్రం మీద పోయినా, హుకుంలు, ఫర్మానాలు, వజ్రాలు, ఫిర్యాదులు నేల మీదే నడవాలి. కోఠీ పెట్టుకోవాలన్నా సుంకం మాఫీ కావాలన్నా గోల్కొండ దర్బారుకు పోవలసిందే. అలా డెల్టా నుంచి, బందరు నుంచి బయల్దేరిన ఖాఫిలాలు బెజవాడ దాటి పడమటికి ఎక్కేవి. ఎద్దులు, పల్లకీలు. ఇరానీ సౌదాగర్లు, కోమటి సెట్లు, ఫకీర్లు, వజ్రాల గనుల వైపు పోయే కూలీలు. పొద్దుగూకే వేళకు ఎక్కడో ఒకచోట ఆగాలి.

ఆ రాత్రులు ఎలా ఉండేవో రాసినవాడు తవెర్నియే. ఫ్రాన్సు నుంచి వచ్చిన జవాహిరీ. వజ్రాల కోసం మన దేశానికి మళ్లీ మళ్లీ వచ్చాడు. 1676లో పారిసులో అచ్చయిన అతని సఫర్‌నామాలో గోల్కొండ నుంచి బందరు దాకా మజిలీల లిస్టు ఉంది. అందులో పతెంగి అని ఒకటుంది. అదే మన పంతంగి. ఇప్పుడు అక్కడ టోల్ గేటు. ఫాస్టాగ్ పలకకపోతే మన ఖాఫిలా ఆగేది కూడా అక్కడే!

గోల్కొండ నుంచి బయల్దేరిన వాడికి మొదటి మజిలీ తెనారా అని రాశాడు తవెర్నియే. హయాత్‌నగర్‌కు ముందు వచ్చేది. ఆ చోటును వర్ణించడానికి తీరిగ్గా కూర్చున్నాడు ఆయన. నాలుగు గొప్ప ఇళ్లు, ఒక్కోదానికి ఒక తోట. అన్నిటికంటే అందమైనది బేగం సాహెబాకు. ఆవిడ లేనప్పుడు లోపలికి పోయి చూడవచ్చు, దిగడానికి మాత్రం వీల్లేదు. దాని ముందు విశాలమైన మైదానం. చుట్టూ కమానుల వసారాలు, ముసాఫిర్లు పడుకోవడానికి. పేదవాళ్లకు వేరే గదులు. ఆ పేదవాళ్లకు రోజూ సాయంత్రం ఖైరాత్ ఉండేది: రొట్టె, అన్నం, వండిన కూరగాయలు. ఇంతవరకు మామూలే. దీని తర్వాతి మాట దగ్గర నేను పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. ఒకరు వండింది తినని హిందువులు వస్తే వాళ్లకు వండిన తిండి ఇవ్వరట. పిండి ఇస్తారు. కొంచెం నెయ్యి ఇస్తారు. ఎందుకంటే రొట్టె కాల్చగానే రెండు వైపులా నెయ్యి రాసుకోవడం వాళ్ల అలవాటు అని కూడా రాశాడు ఆ ఫ్రెంచివాడు.

ఆ నెయ్యి గురించి ఆలోచించండి. రాజ్యం ఒక బేగంది. ఖర్చు వాళ్ల ఖజానాది. వచ్చినవాడు బీదవాడు. ఆకలిగా ఉన్నాడు కాబట్టి పెట్టింది తింటాడు, ఏం చేస్తాడు? అనుకోలేదు. వాడి మడి వాడిది, వాడి పొయ్యి వాడు వెలిగించుకుంటాడు, మనం పిండి ఇద్దాం అనుకున్నారు. దాంతో ఊరుకోక, పొడి రొట్టె గొంతు దిగదని నెయ్యి కూడా లెక్కలో వేశారు. జపాన్‌లో కట్టెల పైసలు తీసుకుని వంట వాడికే వదిలేసిన బస గురించి ఇందాక చెప్పాను కదా. అది కూడా మంచి ఏర్పాటే. కానీ అది తిజారత్. ఇది వేరు.

ఎందుకు వేరో మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. జకాత్ తీసుకునే హక్కుదారుల్ని ఖురాన్‌లో సూరె తౌబా ఎనిమిది రకాలుగా చెబుతుంది. ఆ ఎనిమిదో రకం ఇబ్నుస్సబీల్. మాటకు మాట అర్థం 'దారి కొడుకు'. సొంత ఊళ్లో ధనవంతుడే కావచ్చు. దారిలో చేయి ఖాళీ అయితే హక్కు వాడిది. మెహమాన్ హక్కు మూడు రోజులు, ఆ పైన పెట్టేది సదఖా అని హదీసు. అందుకే ఇస్తాంబుల్ నుంచి సమర్‌ఖండ్ దాకా, అక్కడినుంచి మన దక్కన్ దాకా, పాదుషాలూ బేగంలూ మస్జిద్ కట్టినప్పుడు పక్కన సరాయి, బావి కూడా కట్టారు. హైదరాబాదులోనే షేక్‌పేట సరాయి ఉంది, గోల్కొండకు కూతవేటులో. రెండంతస్తుల రాతి కట్టడం. కార్వాన్ అనే మొహల్లా పేరే ఖాఫిలా నుంచి వచ్చింది. ఆ ఊరి పేటలో రెండు మూడు అందమైన మస్జిద్‌లు పరదేశులకు సరాయిలుగా పనికొస్తున్నాయని తవెర్నియే కూడా రాశాడు.

సరే, మొన్న జనవరిలో ఒక షాదీ పని మీద హైదరాబాదు పోవలసి వచ్చింది. ఈసారి క్లీనర్ అరవగానే లేచి నిలబడ్డాను. "ఎల్బీనగర్ ఇంకా రాలేదు చాచా" అన్నాడు వాడు. "తెలుసు బాబూ, ఇక్కడే" అని దిగాను. అప్పటికి తెల్లవారింది. ఒక హోటల్లో మొహం కడుక్కుని, చాయ్ తాగి, ఒక చుట్టం ఇంట్లో సంచి పడేసి, జొహర్ వేళకు మస్జిద్ వెతుక్కుంటూ పోయాను.

పెద్ద రోడ్డు మీదినుంచి చూస్తే ఏమీ అనిపించదు. మొబైల్ షాపులు, టిఫిన్ సెంటర్లు, హోర్డింగులు. లోపలికి మళ్లాక ఒక్కసారిగా ఆకాశం విచ్చుకుంటుంది. అంత పెద్ద సెహన్ నేను ఊహించలేదు. మధ్యలో ఎత్తయిన చబూత్రా మీద మస్జిద్. ముఖాన ఐదు కమానులు, రెండు పక్కలా రెండు మినార్లు. గచ్చు పని మీద కుతుబ్ షాహీల చేతి నాజూకు ఇంకా తెలుస్తుంది. చార్మినార్ దగ్గర తల పైకెత్తి చూస్తాం. ఇక్కడ తల ఎత్తక్కర్లేదు, చుట్టూ తిప్పాలి. ఎందుకంటే అసలు సంగతి చుట్టూ ఉంది. సెహన్ నాలుగు వైపులా కమాను తర్వాత కమాను, హుజ్రా తర్వాత హుజ్రా. వందకు పైగా ఉండేవి. ఒక్కొక్కటి ఒక మనిషి, వాడి మూట, వాడి దీపం పట్టేంత. కొన్ని బాగానే ఉన్నాయి. కొన్నిటి కప్పులు బీటలు వారాయి. లోపలికి వంగి చూస్తే చల్లగా ఉంది, పాత సున్నం వాసన. గోడలో దీపం గూడు. ఆ గూటి పైన మసి ఉందా అని వేలితో రాసి చూశాను. ఉత్త దుమ్ము. ఏం ఆశపడ్డానో నాకే నవ్వొచ్చింది.

ఈశాన్యం వైపు హాథీ బావ్డీ అని పెద్ద బావి ఉంది. ఏనుగు బావి అని అర్థం. ఒక ఖాఫిలా దిగిందంటే మనుషుల కంటే జంతువులే ఎక్కువ. ఎద్దుకు రోజుకు ఎన్ని కుండల నీళ్లు కావాలో మన డెల్టా రైతుల్ని అడగండి. సరాయి కట్టేవాడు ముందు బావి చూసుకోవాలి, గది తర్వాత. హతాగో అన్న జపాన్ మాటకు కూడా మొదటి అర్థం గుర్రం దాణా తీసుకుపోయే బుట్ట అట. దారిలో ముందు జానవర్ కడుపు నిండాలి. అక్కడా ఇక్కడా ఒకటే లెక్క.

చూస్తూ చూస్తూ జమాత్ తప్పిపోయింది. వుజూ చేసుకుని వచ్చేసరికి ఇమాం సాబ్ సలాం తిప్పేశారు. ఒక మూల నిలబడ్డాను. ఊరు విడిచి నాలుగు వందల కిలోమీటర్లు వచ్చిన మనిషిని, రెండు రోజుల్లో తిరిగిపోయేవాణ్ని. ఇమాం వెనక ఉండి ఉంటే నాలుగు రకాతులూ చదివేవాణ్ని. ఒంటరిగా ఉన్నాను కాబట్టి ఖస్ర్, రెండే ఫర్జు. ముసాఫిర్‌కు అల్లాహ్ ఇచ్చిన రాయితీ. ఎన్నోసార్లు ఖస్ర్ చదివాను, రైల్వే ప్లాట్‌ఫారం మీద, ఆస్పత్రి వరండాలో. ముసాఫిర్ కోసం కట్టిన చోట ముసాఫిర్‌గా చదవడం మాత్రం అదే మొదటిసారి. సలాం తిప్పాక కాసేపు లేవలేకపోయాను.

ఎదురుగా కూర్చున్న ఒక బుజుర్గు అడిగారు, "కహాఁ సే?" రాజమండ్రి అన్నాను. "అచ్ఛా, గోదావరి వాలే" అని నవ్వారు. ఇక్కడ ఇప్పుడు ఎవరైనా ముసాఫిర్లు దిగుతారా అని అడిగాను. ఆయన చేయి ఊపారు. "రైల్ ఆయీ, సబ్ గయా" అన్నారు.

ఒక్క ముక్కలో తారీఖ్ చెప్పేశాడు పెద్దాయన. 1687లో గోల్కొండ పడిపోయింది. దర్బారు లేని ఊరికి పోయే ఖాఫిలాలు పలచబడ్డాయి. బందరు వెలవెలబోయింది. 1864 తుఫానులో సముద్రం ఆ ఊళ్లోకి వచ్చి ముప్పై వేల ప్రాణాలు తీసుకుపోయింది. చివరి మేకు రైలు. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది, కాజీపేట, డోర్నకల్ మీదుగా. హయాత్‌నగర్ ఆ దారిలోనే లేదు. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచారు. ఇక మనవాళ్లకు ఎద్దుల బండి మజిలీలతో పనేముంది? సరాయి కూడా రైలు వెనకే పోయింది. 1919లో నాంపల్లి స్టేషన్ దగ్గర నిజాం కొత్త సరాయి కట్టించాడు. మా దాదా సరుకు కోసం హైదరాబాదు పోయినప్పుడల్లా అక్కడే దిగేవారని మా అబ్బా చెప్పేవారు. ఆయన ట్రంకు పెట్టెలో ఎప్పుడూ ఒక ఇత్తడి లోటా, ఒక చాప చుట్ట ఉండేవి. మిగతాదంతా దారి ఇస్తుందని ఆయన నమ్మకం.

ఇంతవరకు గర్వంగా రాశాను. ఇక రాయబుద్ధి కానిది.

మా మొహల్లా మస్జిద్‌కు ఆనుకుని ఒక గది ఉండేది. పెంకుల కప్పు, మట్టి అరుగు, ఒక మూల కూజా. ముసాఫిర్‌ఖానా అనే అనేవాళ్లం. చిన్నప్పుడు అందులో దిగని మనిషి లేడు: అత్తర్లు అమ్మేవాళ్లు, సుర్మా అమ్మేవాళ్లు, రంజాన్‌లో మదరసాల సఫీర్లు, పీర్ల పంజాలకు మలాం చేసేవాళ్లు, ఒకసారి గాజుల మలారం మోసుకొచ్చిన ఒక బలిజ ముసలాయన కూడా. వాన పడుతోందని మా దాదాయే ఆయన్ని పిలిచి పడుకోబెట్టారు. ఆ రాత్రి మా దాదీ సాలన్ గిన్నె నాకిచ్చి పంపింది. ముసలాయన మొహమాటంగా "మేము తినం బాబూ" అన్నాడు. తిరిగొచ్చి చెప్పాను. దాదీ ఏమీ అనలేదు. బియ్యం, రెండు వంకాయలు, ఒక కొత్త పిడత, నాలుగు పిడకలు ఇచ్చి మళ్లీ పంపింది. నాకు అప్పుడు ఎనిమిదేళ్లు. తవెర్నియే నెయ్యి దగ్గర నేనెందుకు పుస్తకం మూశానో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది. దాదీ ఏ పుస్తకమూ చదవలేదు. ఆమెకు ఆ మర్యాద ఎక్కడినుంచి వచ్చిందో నేను ఇన్నేళ్లకు తెనారాలో చూశాను.

పన్నెండేళ్ల కింద కమిటీలో మాట వచ్చింది. గది పడిపోయేలా ఉంది, రోడ్డు వైపు ఉంది, పడగొట్టి షటరు వేస్తే నెలకు మంచి కిరాయి వస్తుంది, మస్జిద్ కరెంటు బిల్లు, మౌజన్ జీతం గడిచిపోతాయి. లెక్క తప్పేమీ కాదు. నిజంగానే మస్జిద్‌కు పైసలు లేవు. ఇప్పుడు ముసాఫిర్లు ఎవరొస్తున్నారు, లాడ్జీలున్నాయి కదా అన్నారు ఒకరు. ఆ మీటింగులో నేనున్నాను. చదువుకున్నవాణ్నని నా వైపు చూశారు కూడా. నేను తల ఊపాను. ఒక్క మాట, ఒక్క చిన్న గదైనా వెనక వైపు ఉంచుదామని, అనలేదు. గది ఒక వారంలో పోయింది. దాని స్థానంలో చెప్పుల షాపు వచ్చింది.

హయాత్‌నగర్ హుజ్రాల బీటలు చూసి నాకు కోపం రావాలి. సర్కారు మీద, జనం మీద. రాలేదు. మూడున్నర వందల ఏళ్లకు బీటలు వారాయి అవి. మాది ఒక మీటింగులో వారింది.

అసర్ దాకా అక్కడే ఉన్నాను. ఎండ వాలేసరికి పడమటి కమానుల నీడ సెహన్ మీద సాగింది. అప్పుడు చూశాను, ఒక చివర కమాను కింద ఒక మనిషి తల కింద బ్యాగు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. పక్కన చెప్పులు సర్ది పెట్టుకున్నాడు. లారీ క్లీనరో, ఇంటర్వ్యూకు వచ్చిన కుర్రాడో, చెప్పడం కష్టం. లేపలేదు. ఫొటో తీశాను, ముఖం పడకుండా.

ఆ ఫొటో, ఇంకో పది ఫొటోలు సాయంత్రం గ్రూపులో పెట్టి మా భాంజాకు రాశాను: "ఉంది బేటా. టికెట్ లేదు. బొమ్మ మనుషులు కూడా లేరు, అసలు మనిషే పడుకుని ఉన్నాడు." వాడు వెంటనే గుండె బొమ్మ పంపాడు. తర్వాత, "వచ్చినప్పుడు తీసుకెళ్తావా మామూ" అన్నాడు. తీసుకెళ్తానన్నాను.

మా ఆపా మాత్రం రాత్రి పదింటికి చూసింది ఫొటోలు. ఆమె గ్రూపులో రాయలేదు, నాకు ఫోన్ చేసింది. సరాయి గురించి ఒక్క ముక్క అడగలేదు.

"భాయ్, మన మస్జిద్ ముందు చెప్పుల షాపు వాడు ఖాళీ చేసేశాడంట, నీకు తెలుసా?" అంది.

తెలియదన్నాను.

"వచ్చే జుమా తర్వాత మళ్లీ కిరాయికి మీటింగంట. నువ్వు ఊళ్లో ఉంటావా?"

టికెట్ జుమేరాత్ రాత్రికి మార్చుకున్నాను.